ఇల్ ప్లువే... అప్పుడు వాన పడ్తాండె

ఇట్లా వచ్చి కూర్చోండి, ఒక క్రియ గురించి మాట్లాడుకుందాం. మనది కాదు, ఫ్రెంచివాళ్ళది. వాన పడటానికి వాళ్ళు వాడే క్రియ ‘ప్లువార్’. అందులోని మొదటి అచ్చు మన అక్షరాల్లో ఇమడదు. పెదవులు గుండ్రంగా చుట్టి ‘ఎ’ అనబోతే ఏ శబ్దం వస్తుందో అదీ. మామూలు వాడుకలో ఈ క్రియకు ‘నేను’ లేదు, ‘నువ్వు’ లేదు, ‘మనం’ లేదు. ఎప్పుడూ ఒకే పురుష, ఒకే వచనం. వాన పడుతోంది అనాలంటే ‘ఇల్ ప్లు’. వాన పడింది అనాలంటే ‘ఇల్ ఆ ప్లూ’. అప్పట్లో వాన పడేది అనాలంటే ‘ఇల్ ప్లువే’. ఈ మూడోదాని కోసమే ఈ కబుర్లన్నీ.

ఈ మూడో రూపాన్ని ఫ్రెంచి వ్యాకరణంలో ‘అంపర్ఫే’ అంటారు. జరిగిపోయిన కాలమే, కానీ ముగింపు చూపించని కాలం. ఫ్రెంచి నేర్చుకునే మన పిల్లలు మొదట తడబడేది ఇక్కడే. జరిగిందంతా భూతకాలమే కదా, దానికి మళ్ళీ రెండు రకాలెందుకు సార్ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వ్యాకరణ పుస్తకంలో కంటే ఉరవకొండ రచ్చకట్ట మీద బాగా దొరుకుతుందని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్తాను, వినండి.

ఉరవకొండ ఎట్లాంటి చోటో తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. అనంతపురం జిల్లాలో, బళ్ళారి వైపున్న ఊరు. పడగ విప్పిన పాములా కనబడే కొండ కింద ఊరు, ఊళ్ళో గవిమఠం, అవతల పెన్న ఒడ్డున పెన్న అహోబిలం నరసింహస్వామి. చుట్టూ ఎర్రనేలలు, కొంత నల్లరేగడి. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని, ఇక్కడికి వచ్చేసరికి ఉత్త గాలిగా మిగులుతాయి. బంగాళాఖాతం మేఘాలకేమో మేము మరీ దూరం. జిల్లాకు ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేరు తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి పేరు. వాన గురించి ఇంతగా మాట్లాడుకునే ఊళ్ళు తక్కువ. ఆ మాటల్లో వర్తమానం కొంచెమే. ఎక్కువ భాగం ‘అప్పుడు’.

సాయంత్రం పూట ఏ అవ్వ పక్కనైనా కూర్చోండి. మాట ఇట్లా సాగుతుంది:

“అప్పుడు ఆరుద్రలో వాన పడ్తాండె. చెరువు నిండ్తాండె. మేము కొర్రలు ఇత్తుతాంటిమి. పొద్దున్నే సద్ది కట్టుకొని చేనికి పోతాంటిమి. ఆ ఏడు మాత్రం వాన రాలా. మీ తాత బళ్ళారికి పాయ.”

ఆరు వాక్యాలు. మొదటి నాలుగింటినీ ఒక్కసారి పక్కకు తీసి పెట్టుకోండి. పడ్తాండె, నిండ్తాండె, ఇత్తుతాంటిమి, పోతాంటిమి. ఎన్నిసార్లు పడింది, ఎప్పుడు నిండింది, ఏ రోజు పోయారు అని అవ్వ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. అది ఆ రోజుల తీరు. తర్వాత “ఆ ఏడు మాత్రం” అనగానే క్రియ మారిపోయింది. రాలా. పాయ. ఇక్కడ సంగతి జరిగింది, ముగిసింది, దాంతో ఇంకో సంగతి మొదలైంది.

ఇప్పుడు ఫ్రెంచిలోకి మార్చండి. మొదటి నాలుగూ అంపర్ఫే: ‘ఇల్ ప్లువే’, చెరువు ‘స రాంప్లిస్సే’, మేము ‘సమియోఁ’, మేము ‘అలియోఁ’. చివరి రెండూ ‘పాసె కొంపొజె’ అనే రెండో భూతకాలం: ‘ఇల్ నా పా ప్లూ’, తాత ‘ఎ పార్తి’. అవ్వ ఎక్కడ మలుపు తిప్పిందో సరిగ్గా అక్కడే ఫ్రెంచీ మలుపు తిరిగింది. అవ్వకు ఫ్రెంచి రాదు. కానీ ఫ్రెంచివాళ్ళ పిల్లలు బడిలో ఏళ్ళ తరబడి నేర్చుకునే తేడా ఆమె నాలుక మీద పుట్టినప్పటి నుంచీ ఉంది.

ఇంతకూ అనంతపురం జిల్లాలో ఫ్రెంచి ఎవరికి కావాలి అంటారా? కావాలి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, మనందరం ఆర్డీటీ అనుకునే సంస్థ, జిల్లాలోని పేద పిల్లలకు విదేశీ భాషలు నేర్పే బడిని కూడా నడుపుతూ వచ్చింది. ఇంగ్లీషుతో పాటు స్పానిష్, జర్మన్, ఫ్రెంచి. బుడ్డల (వేరుశనగ) చేను గట్టు మీద పెరిగిన పిల్లలు అక్కడ చదివి పెద్ద పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలకు పోయారు. ఇంటర్మీడియెట్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకునే వాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. హైదరాబాదులో విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది, అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉంది.

మన జాతికి ఫ్రెంచితో పరిచయం కొత్తదేమీ కాదు. గోదావరి ఒడ్డున యానాం ఉంది కదా. అక్కడి తెలుగు పిల్లలు బడిలో ఫ్రెంచి చదివేవారు. కచేరీ కాగితాలు ఫ్రెంచిలో నడిచేవి. 1954 నవంబరు 1న ఫ్రెంచి పాలన ముగిసింది. ఈ మూడు వాక్యాలూ ఇంకోసారి చదవండి. చదివేవారు, నడిచేవి: రెండు అంపర్ఫేలు. ముగిసింది: పాసె కొంపొజె. నేను పాఠం చెప్పాలని రాయలేదు, తెలుగులో ఆ సంగతి ఇంకో రకంగా చెప్పడం కుదరదు. ‘యానాం పిల్లలు ఫ్రెంచి చదివారు, 1954లో పాలన ముగిసేది’ అని ఎవరైనా అంటారా? అనరు. ఎందుకు అనరో తెలిసినవాడికి అంపర్ఫే తెలిసినట్టే.

మరి పిల్లలు తడబడేది ఎక్కడంటారా? మధ్యలో ఇంగ్లీషు రావడం వల్ల. పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఇంగ్లీషులో మామూలు భూతకాలం ఒకటే రెండు పనులూ చేసేస్తుంది. రోజూ బడికి పోయేదానికీ, నిన్న బడికి పోయినదానికీ అక్కడ ఒకటే క్రియారూపం సరిపోతుంది. ఆ రూపం చూసి ఫ్రెంచి రాయబోతే పిల్లవాడికి దారి తెలియదు. అది అలవాటో, ఒకసారి జరిగిన సంగతో ఇంగ్లీషు క్రియ చెప్పదు. తెలుగు క్రియ చెబుతుంది. పోయినాను, పోయేవాణ్ణి. అక్కడే తేలిపోయింది. సొంత ఇంట్లో ఉన్న తాళంచెవి వదిలేసి పొరుగింటి గొళ్ళెం పట్టుకుని లాగుతున్నారు మన పిల్లలు.

ఇంకో సంగతి ఉంది, ఇది మా సీమవాళ్ళ భాగ్యం. పుస్తకాల తెలుగులో రెండు వేర్వేరు రూపాలున్నాయి. అలవాటుగా జరిగితే ‘పోయేవాళ్ళం’. ఆ క్షణాన జరుగుతూ ఉంటే ‘పోతూ ఉన్నాం’. ఫ్రెంచిలో ఈ రెండింటికీ ఒకటే రూపం. ‘నుజాలియోఁ’ అంటే రోజూ పోయేవాళ్ళం అనీ అర్థమే, అప్పుడు దారిలో పోతూ ఉన్నాం అనీ అర్థమే. ఒక రూపానికి రెండు పనులేమిటని కోస్తా పిల్లలు, హైదరాబాదు పిల్లలు కాసేపు ఆలోచిస్తారు. ఉరవకొండ పిల్లలకు ఆ ఆలోచనే అక్కర్లేదు. “చిన్నప్పుడు దినామూ చేనికి పోతాంటిమి” అంటాం. “మేము చేనికి పోతాంటిమి, అంతలో వాన పట్టుకునె” అనీ అంటాం. ఆ ‘పోతాంటిమి’ రెండు చోట్లా మారలేదు. ఫ్రెంచి ‘అలియోఁ’ చేసే రెండు పనులూ మా ‘పోతాంటిమి’ చేస్తుంది. బళ్ళారి పక్కన ఉన్నాం కాబట్టి కన్నడమూ చెవిన పడుతుంది. అక్కడ ‘హోగ్తిద్వి’ అంటారు. అదీ అంతే. ‘మళె బర్తిత్తు’ అంటే అప్పట్లో వాన వచ్చేది, అప్పుడు వాన వస్తూ ఉండింది, రెండూను. రెండు భాషల సాయం పక్కనే పెట్టుకున్న పిల్లవాడు అంపర్ఫేకి భయపడాల్సిన పని ఉందా చెప్పండి.

ఆ యాసను బడిలో ‘సరిగా మాట్లాడు’ అని దిద్దేస్తాం. పోతాంటిమి అంటే తప్పు, వెళ్ళేవాళ్ళం అనాలి అంటాం. దయచేసి అట్లా దిద్దకండి. ఉంటిమి, ఉంటిరి, ఉండె అనే పాత భూతకాల రూపాలు ఆ మాటల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ‘పోతా ఉంటిమి’ కలిసిపోయి ‘పోతాంటిమి’ అయింది. అది భాష చేసుకున్న పద్ధతైన పని.

సరే, ఇక తయారీ సంగతి చూద్దాం. ఇది ఇంకా సులువు. ఫ్రెంచి కాలాలన్నిట్లో ఇంత నమ్మకమైనది లేదు. వర్తమానంలో ‘మేము’ రూపం తీసుకోండి. తాగడానికి ‘ను బువోఁ’. చివరి ‘ఓఁ’ తీసేస్తే ‘బువ్’ మిగిలింది. దానికి అంపర్ఫే తోకలు తగిలించండి: ‘జ బువే’, నేను తాగుతాంటి. ‘తు బువే’, నువ్వు తాగుతాంటివి. ‘ఇల్ బువే’, వాడు తాగుతాండె. ‘ను బువియోఁ’, మేము తాగుతాంటిమి. ‘వు బువియే’, మీరు తాగుతాంటిరి. ‘ఇల్ బువే’, వాళ్ళు తాగుతాండిరి. నేను, నువ్వు, వాడు, వాళ్ళు, ఈ నలుగురికీ రాతలో తోకలు అన్నీ ఒకటి కాకపోయినా పలుకు ఒకటే. చెవికి మూడు శబ్దాలు తెలిస్తే చాలు. పోవడానికి ‘ను జాలోఁ’ నుంచి ‘జాలే’. చేయడానికి ‘ను ఫజోఁ’ నుంచి ‘జ ఫజే’. వర్తమానంలో నానా వేషాలు వేసే క్రియలు కూడా ఇక్కడికి వచ్చేసరికి బుద్ధిగా వరసలో నిలబడతాయి. మాట వినని క్రియ ఒకే ఒక్కటి: ‘ఎత్ర్’, అంటే ఉండు. దాని మొదలు ‘ఎత్’. ‘ఇల్ ఎతే’, ఉండె. మన ప్లువార్‌కు ‘మేము’ రూపం లేదు కాబట్టి దాని మొదలును క్రియలోంచే తీసుకుని ‘ప్లువే’ చేశారు.

ఆ ‘ఎతే’ని ఫ్రెంచి పిల్లలు పాలు తాగే వయసులోనే వింటారు. వాళ్ళ కథలు ‘ఇల్ ఎతేత్ యూన్ ఫ్వా’ అని మొదలవుతాయి. మన కథలు? అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజు ఉండేవాడు. అక్కడా అంపర్ఫే, ఇక్కడా అదే. తర్వాత ‘ఒకరోజు’ వస్తుంది. ఒకరోజు రాజు వేటకు వెళ్ళాడు. అక్కడ పాసె కొంపొజె, పాత పుస్తకాల కథల్లో అయితే దాని అన్న ‘పాసె సాంప్ల్’. ‘అనగనగా’కీ ‘ఒకరోజు’కీ మధ్య ఉన్న ఆ గీతే ఈ పాఠమంతా.

ఈ రెండు కాలాలతో ఫ్రెంచి రచయితలు చేసిన పనులు చూస్తే ముచ్చటేస్తుంది. ఫ్లోబేర్ నవలల్లో అంపర్ఫే ఎంత ముఖ్యమంటే, 1920లో మార్సెల్ ప్రూస్త్ ఆయన శైలి మీద వ్యాసం రాస్తూ ఆ క్రియారూపం గురించే ప్రత్యేకంగా చెప్పాడు. ఒక క్రియారూపాన్ని కొత్తగా వాడి లోకాన్ని చూసే చూపునే మార్చగలమని ప్రూస్త్ వాదన. దానికి ఎదురు కొసన ఆల్బేర్ కామూ ఉన్నాడు. 1942లో వచ్చిన ‘లెత్రాంజే’ నవలను ఆయన పాసె కొంపొజెలో నడిపాడు. ఒక్కో పనీ విడివిడిగా తెగిపడుతుంది. వెనకా ముందూ అతుకు కనబడదు. కథానాయకుడి ఒంటరితనం సగం ఆ క్రియల్లోనే ఉంది. భాషలో కాలం ఎంపిక ఊరికే వ్యాకరణం కాదని వీళ్ళిద్దరి పుస్తకాలు చదివితే తెలుస్తుంది.

అయితే తెలుగు అడుగడుగునా దారి చూపిస్తుందని గుడ్డిగా నడవకండి. రెండు మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది ‘ఉన్నాడు’. “నేను పోయినప్పుడు ఆయన ఇంట్లో ఉన్నాడు” అంటాం. ఇప్పుడు ఉన్నా ‘ఉన్నాడు’, అప్పుడు ఉన్నా ‘ఉన్నాడు’. ఆ మాట నమ్ముకుని ఫ్రెంచిలో వర్తమానం రాస్తే తప్పు. ‘ఇల్ ఎతే’ అనాలి. సీమ మాటలో “ఇంట్లో ఉండె” అని అనుకుని చూడండి, తప్పు జరగదు. రెండోది ‘తెలీదు’. “ఆ సంగతి నాకప్పుడు తెలీదు” అంటాం. క్రియ చూస్తే కాలం లేదు. ఫ్రెంచికి కాలం కావాలి: ‘జ న సవే పా’. కావాలి, వద్దు, ఇష్టం, తెలుసు లాంటి మాటలన్నిట్లోనూ ఇదే చిక్కు. పక్కన ‘అప్పుడు’ ఉందంటే దాదాపు ఎప్పుడూ అంపర్ఫేనే వేయాలి.

మూడోదాంట్లో మాత్రం తెలుగే కాపాడుతుంది. చాలాకాలం జరిగింది కాబట్టి అంపర్ఫే అనుకుంటారు పిల్లలు. కాదు. ఎంతకాలం జరిగిందన్నది లెక్క కాదు, హద్దు గీశామా లేదా అన్నదే లెక్క. “మూడేండ్లు వాన పడలేదు” అన్నప్పుడు మూడేండ్లని హద్దు గీశాం. అది పాసె కొంపొజె. “ఆ రోజుల్లో వాన పడేది కాదు” అన్నప్పుడు హద్దు లేదు. అది అంపర్ఫే. ‘మూడేండ్లు వాన పడేది కాదు’ అని నోట్లో అనుకుని చూడండి. నాలుక ఒప్పుకోదు. మీ నాలుక ఒప్పుకోనిచోట ఫ్రెంచీ ఒప్పుకోదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి చివరికి అట్టేపెట్టాను. బుడ్డలు పీకే కాలంలో మా చేలల్లో ఒక వాక్యం వినబడుతుంది. చెట్టు పీకి, అంటిన మన్ను దులిపి, వేళ్ళ కింద కాయల్ని చూస్తాడు రైతు. రెండు వేళ్ళతో ఒక కాయ నొక్కితే పుటుక్కున లోపలికి పోతుంది. పప్పు ఊరలేదు. అప్పుడంటాడు: “ఇంకొక్క వాన వచ్చుంటే కాయ గట్టిపడేది.”

గట్టిపడేది. అవ్వ చెప్పిన పాతరోజుల వాక్యంలో కూడా ఇదే రూపం పెట్టొచ్చు: “అప్పట్లో బుడ్డలు బాగా పండేవి.” జరిగిన రోజుల తీరుకూ పండేవి, జరగకుండా పోయిన పంటకూ పండేవి. ఫ్రెంచిలోనూ ఈ చుట్టరికం ఉంది. ‘అయితే’ అనే అర్థం ఇచ్చే ‘సి’ తర్వాత అంపర్ఫే వస్తుంది. ‘సిల్ ప్లువే’ అంటే ‘వాన గనక పడితే’, పడదేమో అన్న సందేహంతో. దానికి జతగా వచ్చే రెండో ముక్క ‘కొందిసియొనెల్’ అనే రూపంలో ఉంటుంది. దాని తోకలు అచ్చంగా అంపర్ఫే తోకలే. కాయలు చూసిన రైతు మాటను ఫ్రెంచిలో పెడితే ‘సిల్ అవే ప్లూ’ అని మొదలవుతుంది. ఆ ‘అవే’ కూడా అంపర్ఫేనే. చేతికందని పాతరోజులు, చేతికందకుండా పోయిన పంట, రెండింటినీ ఒకే గూట్లో పెట్టుకున్నాయి రెండు భాషలు. ఒక్క జాగ్రత్త: ‘సి’ ఉన్న ముక్కలో కొందిసియొనెల్ ఎప్పుడూ వేయకండి. పరీక్షల్లో మార్కులు పోయేది అక్కడే.

మళ్ళీ ఆ రెండు భూతకాలాల దగ్గరికే వద్దాం, వాటి తేడాకు ఒక పోలిక చెప్తాను. మీలో తోలుబొమ్మలాట చూసినవాళ్ళు ఉంటారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది కదా, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి ఆ కళకే 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలో ముందు వెలుగు నిండిన తెర ఉండాలి. తర్వాత బొమ్మ వచ్చి దాని మీద ఆడాలి. అంపర్ఫే ఆ తెర, పాసె కొంపొజె ఆ బొమ్మ. తెర ఒక్కటే ఉంటే కథ నడవదు, బొమ్మ ఒక్కటే ఉంటే కనబడదు. పిల్లలకు ఇంతకంటే వేరే సూత్రం చెప్పాల్సిన పనిలేదు.

ఉరవకొండ కథా అంతే. వానలు పడ్తాండె, పెన్న పారుతాండె, కొర్రలు పండుతాండె, ఇది తెర. కరువులు వచ్చె, జనం వలస పాయ, కొర్ర చేలల్లోకి బుడ్డలు వచ్చె, బోర్లు ఎండె, హంద్రీ–నీవా కాలువలో కృష్ణ నీళ్ళు జీడిపల్లి దాకా చేరె, ఇవన్నీ బొమ్మలు. ఈ ఊరి పిల్లవాడు ఈ కథను ఫ్రెంచిలో చెప్పగలిగితే, పారిస్ పిల్లవాడికి వాన విలువ కొంతైనా అర్థమవుతుంది. భాష నేర్చుకోవడం ఇందుకూ పనికిరావాలి కదా.

అందుకే ఫ్రెంచి చెప్పే సార్లకూ మేడములకూ నా విన్నపం ఒకటి. అంపర్ఫే పాఠాన్ని ఇంగ్లీషు పట్టికతో మొదలుపెట్టకండి. పిల్లల్ని ఇంటికి పంపి, వాళ్ళ అవ్వనో తాతనో ‘అప్పుడు ఎట్లా ఉండె?’ అని అడిగి పది వాక్యాలు రాసుకు రమ్మనండి. యాసను దిద్దకుండా, విన్నది విన్నట్టే. ఏ క్రియకు ‘తాండె’, ‘తాంటిమి’ ఉందో దాని కింద ఒక గీత గీయించండి. గీత పడిన క్రియలన్నీ అంపర్ఫేలోకి పోతాయి, తక్కినవాటిలో చాలాభాగం పాసె కొంపొజెలోకి. ఆ పది వాక్యాలతో పాఠం పూర్తవుతుంది. అవ్వ చెప్పిన సంగతులు కూడా కాగితం మీద మిగులుతాయి. జూన్‌లో బడులు తెరవగానే మొదలుపెట్టండి.